గేమింగ్ ఈవెంట్‌కి వెళ్తే ప్యానెల్సా, కొత్త గేమ్సా: ఏది మేలు?

బెజవాడ, గుంటూరు వాళ్లం పెద్ద గేమింగ్ ఈవెంట్ చూడాలంటే రైలెక్కక తప్పదు. కామిక్స్, సినిమాలు, గేమ్స్ అభిమానుల జాతర కామిక్ కాన్ చూడాలంటే హైదరాబాద్ వెళ్లాలి. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2024లో హైదరాబాద్‌లో జరిగింది, 2025లో చెన్నైకి వెళ్లింది. పొద్దున్నే శాతవాహన ఎక్కినా సికింద్రాబాద్‌లో దిగేసరికి మధ్యాహ్నం కావొస్తుంది. అక్కడి నుంచి మాదాపూర్ వైపు ట్రాఫిక్, గేటు దగ్గర లైను. అదే రోజు తిరిగొచ్చేవాళ్లకి లోపల దొరికేది మూడు నాలుగు గంటలే. అందుకే ఏది వదులుకోవాలో ముందే తేల్చుకుని వెళ్లాలి.

నా ఓటు కొత్త గేమ్స్ ఆడించే స్టాళ్లకే. ప్యానెల్లో, అంటే వేదిక మీది చర్చల్లో, చెప్పిన మాటలు తర్వాతైనా వినొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగే గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ వాళ్లు ఎన్నో పాత ప్రసంగాలను యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు. బ్రాడీపేటలో రూమ్‌లో కూర్చుని, అర్థం కానిచోట ఆపి, వెనక్కి తిప్పి మరీ వినొచ్చు.

మరి గేమ్‌లో కొంత భాగం మాత్రమే ఉండే డెమోలు కూడా ఇంట్లోనే ఆడుకోవచ్చుగా అంటారు. నిజమే. పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్ పెట్టే 'నెక్స్ట్ ఫెస్ట్' ఏడాదికి మూడుసార్లు వస్తుంది, వందల డెమోలు ఉచితం. స్టీమ్‌లో కొన్న గేమ్ నచ్చకపోతే, రెండు గంటల లోపు ఆడి ఉంటే, 14 రోజుల్లో డబ్బు వెనక్కి అడగొచ్చు. పీసీ ఉన్నవాళ్లకి కేవలం గేమ్ రుచి చూడటానికైతే ఇల్లే మేలు. అందుకే పెద్ద కంపెనీ స్టాల్ ముందు గంటసేపు నిలబడి, నాలుగు రోజుల్లో ఎలాగూ మార్కెట్లోకి వచ్చే గేమ్‌ని పది నిమిషాలు ఆడటం నాకు దండగనే అనిపిస్తుంది.

చూడాల్సింది గోడవారగా ఉండే చిన్న టేబుళ్లు. ఒక ల్యాప్‌టాప్, ఒక కంట్రోలర్, హెడ్‌ఫోన్స్, పక్కనే ఆ గేమ్ తయారుచేసిన మనిషి. మీరు ఆడుతుంటే ఆయన నోరు మెదపడు, మీ బొటనవేళ్లనే చూస్తుంటాడు. మీరు తలుపు ఎక్కడుందో తెలియక గోడ చుట్టూ తిరుగుతుంటే చెప్పెయ్యాలని ఉన్నా ఆపుకుంటాడు, నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటాడు. ఆట అయ్యాక "ఎక్కడ బోర్ కొట్టింది?" అని అడుగుతాడు. అప్పుడు బాగుందని మొహమాటానికి చెప్పకండి. జంప్ ఆలస్యంగా పడుతోందనో, అక్షరాలు చిన్నవిగా ఉన్నాయనో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఒక్క మాటతో గేమ్‌లో ఏదో ఒకటి మారే అవకాశముంది. ఈ సంభాషణ ఏ యూట్యూబ్‌లోనూ దొరకదు.

అలాగని ప్యానెల్స్ అన్నీ వదిలేయమనను. ఐదుగురు పెద్దలు సోఫాల్లో కూర్చుని "భారత గేమింగ్ భవిష్యత్తు" మీద మాట్లాడేది నేనైతే వదిలేస్తాను. చిన్న టీమ్ నుంచి ఒక్కరే వచ్చి తమ గేమ్ ఎలా తయారైందో, ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పేది మాత్రం కూర్చుని వినాల్సిందే. హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన 'అసుర' గేమ్‌నే తీసుకోండి. అందులో ఆడిన ప్రతిసారీ స్కిల్ ట్రీ, అంటే మన పాత్ర నేర్చుకోగల శక్తుల పట్టిక, మారుతుంది. అది పావుగంట ఆడితే సరదాగా ఉంటుంది. కానీ అన్ని కాంబినేషన్లలోనూ ఆట మరీ తేలిక కాకుండా, మరీ కష్టం కాకుండా ఎలా చూస్తారన్నది ఆడితే తెలిసేది కాదు, తయారుచేసినవాళ్లు చెబితేనే తెలుస్తుంది. ప్రశ్నలకి టైం ఉన్న సెషన్ అయితే ఇంకా మంచిది.

బీటెక్ చదువుతూ గేమ్స్ తయారుచేయాలనుకునే పిల్లలకి నా లెక్క కొంచెం వేరు. వీలైతే రాత్రి అక్కడే ఉండి రెండో రోజు కూడా చూడండి. మొదటి రోజు ఇలాంటి సెషన్లు విని, రెండో రోజు స్టాళ్లకి వెళ్లండి. మీరు చేసిన చిన్న గేమ్ ఏదైనా ఉంటే ఫోన్‌లో వేసుకుని వెళ్లండి. రద్దీ తగ్గాక, సాయంత్రం పూట, ఎవరో ఒక డెవలపర్ చేతికిచ్చి రెండు నిమిషాలు ఆడి చూడమని అడగండి. ఆయన ఆడుతున్నప్పుడు ఏ బటన్ నొక్కాలో మీరు మాత్రం చెప్పకండి.