90 రోజుల్లో నవల కోర్సు కొనబోతున్నారా? కాస్త ఆగండి

కథలు రాయాలని మనసులో ఉండి, రోజూ కూర్చోవడం కుదరక అవస్థ పడేవాళ్ళకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కోర్సులు తెగ అమ్ముతున్నారు. "21 రోజుల్లో రాసే అలవాటు, 90 రోజుల్లో పూర్తి నవల" అని హామీ ఇచ్చే కోర్సు ఒకటి నేనూ కొన్నాను. డబ్బు పోయింది, ఆ సంగతి తర్వాత చెబుతాను. అది నా రాతను ఏం చేసిందో ముందు చెప్పాలి. ఇలాంటి కోర్సుల మీద వచ్చే ఫిర్యాదుల్లో డబ్బు గొడవే తప్ప ఈ ముక్క ఎక్కడా కనబడదు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే పద్ధతిలో అమ్మేవాళ్ళు ఒక్కరు కాదు.

వీడియో పాఠాలు, రాసుకోవడానికి వాళ్ళదే ఒక యాప్, "అనుభవం ఉన్న ఎడిటర్" మన చాప్టర్లు చదివి చెప్పే అభిప్రాయం, తోటి విద్యార్థుల గ్రూపు, చివర్లో ప్రచురణకు సాయం. ప్యాకేజీ ఇది. కొత్తగా రాసేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి అనిపించేలా ఉంటుంది. వీడియోలు ఫరవాలేదు, లైబ్రరీలో ఏ పుస్తకం తిరగేసినా దొరికే విషయాలే. గ్రూపులో ఎక్కువగా స్క్రీన్‌షాట్లే. అసలు తలనొప్పి యాప్‌తో.

యాప్‌లో రోజుకు 1,000 మాటలు రాయాలి. రాసింది ఆ రాత్రి లాక్ అయిపోతుంది. మర్నాడు తెరిస్తే ఖాళీ పేజీ, పైన ఓ గడియారం. "వెనక్కి చూడకండి, దిద్దకండి, ముందుకే వెళ్ళండి" అని పాఠాల్లో పదే పదే చెబుతారు. మొదటి డ్రాఫ్టు ఆగకుండా రాయాలన్న సలహా పాతదే, చాలామందికి పనికొచ్చేదే. నాతో మాత్రం కుదరదు. కూర్చోగానే నాకు కొత్త వాక్యం రాదు. నిన్నటి చివరి పేజీలు పైకి చదువుకుంటాను. సంభాషణలైతే మరీను, నోటితో పలికితే గానీ ఆ మనిషి నిజంగా అలా మాట్లాడతాడో లేదో తెలియదు. చదువుతూ ఒక మాట కొట్టేస్తాను, ఒక వాక్యం పైకి జరుపుతాను, ఆ ఊపులోనే కొత్త పేరా మొదలవుతుంది. దాన్ని ఈ యాప్ మూసేసింది. అడిగితే, "అది వాయిదా వేసే జబ్బు, వదిలించుకోండి" అన్నారు.

లెక్క కోసం రాయడం మొదలుపెడితే ఏం జరుగుతుందో చూడండి. నా డ్రాఫ్టులో "ఆమె తలుపు తీసింది" అని ఉండాల్సిన చోట ఇది ఉంది: "ఆమె మెల్లగా, చాలా మెల్లగా, వణుకుతున్న చేతిని గడియ మీద వేసి, ఒక్క క్షణం ఆగి, గట్టిగా ఊపిరి తీసుకుని, ఆ తర్వాత తలుపు తీసింది." తలుపు అవతల ఉన్నది పాలవాడు. రాత్రి పదకొండు దాటాక ఆ రోజు లెక్కకు ఇంకా మాటలు కావాలి కాబట్టి పాలవాడి కోసం ఇంత ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. యాప్ మాత్రం ఆ రోజుకి పచ్చ టిక్కు పెట్టి, రంగుకాగితాలు చల్లింది.

ఇంకో దగా ఉంది, దీన్ని తెలుగులో రాసేవాళ్ళు ప్రత్యేకంగా గమనించాలి. ఆ లెక్క ఇంగ్లీషు నవలను చూసి పెట్టింది. రోజుకు 1,000 చొప్పున 90 రోజులకు 90,000 మాటలు. ఇంగ్లీషులో అది మామూలు సైజు నవలే. యాప్ మాటల్ని లెక్కపెట్టేది ఖాళీల్ని బట్టి. "ఐ వజ్ నాట్ ఏబుల్ టు గో" ఆరు మాటలు. మనం "వెళ్ళలేకపోయాను" అని ఊరుకుంటాం, ఒకటే మాట. ప్రత్యయాలు, సహాయక క్రియలు, ఒక్కోసారి "అట", "కూడా" లాంటివి కూడా మాటలోనే అతుక్కునే భాష మనది. అదే కథ చెప్పడానికి మనకు చాలా తక్కువ మాటలు పడతాయి. అంటే తెలుగులో రాసేవాడు ఇంగ్లీషు వాడికన్నా ఎంతో ఎక్కువ రాస్తే తప్ప ఆ గీత దాటడు. గ్రూపులో కొందరు "చేసుండొచ్చు" అని రాయాల్సింది "చేసి ఉండ వచ్చు" అని విడగొట్టి గట్టెక్కారు. తెలుగు కోర్సు అని అమ్మినవాళ్ళకు ఇది తట్టలేదంటే, వాళ్ళలో ఎవరూ తెలుగులో నవల రాసి ఉండరని నా అనుమానం.

పాఠాల్లో పెద్ద రచయితల పేర్లు ధారాళంగా వాడతారు. ఎక్కువసార్లు వచ్చే పేరు ఆంథొనీ ట్రోలప్. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు, తపాలా శాఖలో ఉద్యోగం చేసుకుంటూ తెల్లవారుజామున 5:30కే రాతబల్ల దగ్గర కూర్చునేవాడు, ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకు 250 మాటలు రాసేవాడు. నిజమే. 1883లో, ఆయన పోయాక వచ్చిన ఆత్మకథలో స్వయంగా చెప్పుకున్న సంగతి. కానీ అదే ఆత్మకథలో మరో రెండు ముక్కలున్నాయి, వాటిని కోర్సువాళ్ళు మింగేశారు. రోజూ మొదటి అరగంట ఆయన ముందురోజు రాసింది చదువుకునేవాడు. పైగా కొత్తగా రాసేవాళ్ళందరూ అలా చేయాలని గట్టిగా చెప్పాడు కూడా. రెండోది, ఆయన లెక్క పెట్టుకున్నది వారానికి ఇన్ని పేజీలని. సగటున 40, ఒక్కోసారి 20కి తగ్గేది, ఒక్కోసారి 112 దాకా వెళ్ళేది. ఎవరి పేరు చెప్పి వెనక్కి చూడొద్దంటున్నారో ఆయనే రోజూ వెనక్కి చూసి మొదలుపెట్టాడు.

మన దగ్గరికొస్తే విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు'. "29 రోజుల్లో రాశారు, మీకు 90 ఇస్తున్నాం" అంటారు. ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసిపెట్టారని కూడా అంటారు కదా, ఆ మాట ప్రకటనలో ఉండదు. అప్పటికే ఎన్నో ఏళ్ళుగా పద్యం, గద్యం రాస్తున్న మనిషి ఆయన. దాన్ని ఆఫీసు నుంచి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచే మనకు కొలబద్ద చేయడం ఏం న్యాయం?

ఇక గొలుసు సంగతి. వరసగా రాసిన రోజులన్నీ ఒక గొలుసులా చూపిస్తారు. ఒక్కరోజు తప్పితే గొలుసు తెగి సున్నాకు వస్తుంది, దాన్ని "కాపాడుకోవడానికి" విడిగా డబ్బు కట్టాలి! ఇంట్లో జ్వరం పడినా, పరీక్షలున్నా అంతే. రాత్రి పూట "మీ గొలుసు తెగబోతోంది" అని మెసేజీలు. అది అలవాటు కాదు, టెన్షన్. 21 రోజుల మాట ఎక్కడిదంటే, మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకంలో, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడేందుకు రోగులకు సుమారు 21 రోజులు పడుతుందని, మనసులో ఉన్న పాత రూపం మారడానికి కనీసం అన్ని రోజులు కావాలని రాశాడు. "కనీసం" జారిపోయింది, ముఖం పోయి నవల వచ్చింది. 2010లో అచ్చయిన లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధనలో 96 మందిని చూశారు. ఒక పని అప్రయత్నంగా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టొచ్చని తేలింది. వాళ్ళు చూసిన పనులు కూడా భోజనంతో పాటు పండు తినడం, నీళ్ళు తాగడం, కాసేపు పరిగెత్తడం లాంటివి, నవల రాయడం కాదు. అసలు విషయం ఏమిటంటే, మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటుకు పెద్దగా ఏమీ కాలేదని కూడా అందులోనే ఉంది.

ఎడిటర్ అభిప్రాయం కోసమే నేను ఈ కోర్సు కొన్నాను. నేను పంపిన చాప్టర్‌లో పెన్షన్ కాగితాల కోసం ఆఫీసు బల్ల మీద కూర్చుని ఎదురుచూసే ఒక ముసలాయన, ఆయన మాటిమాటికీ పొరపాటున కొడుకు పేరుతో పిలిచే గుమాస్తా, ఇద్దరే ఉంటారు. వచ్చిన అభిప్రాయం ఇది: "మీ కథానాయిక మనోభావాలను చక్కగా చిత్రించారు. పాత్రల్లో ఇంకాస్త లోతు, సంభాషణల్లో ఇంకాస్త సహజత్వం తీసుకురండి." కథానాయిక ఎవరు? చాప్టర్‌లో ఒక్క ఆడమనిషి లేదు. అపరాధ పరిశోధన రాస్తున్న తోటి విద్యార్థినిని అడిగితే తనకు వచ్చింది చూపించింది, ఒక్క అక్షరం తేడా లేదు. అది మనిషి రాశాడో, మిషన్ రాసిందో, ఒకే పేరాను అందరికీ అతికించారో నాకనవసరం, ఎవరూ చదవలేదన్నది మాత్రం ఖాయం. ఈ విషయం గ్రూపులో పెట్టగానే నా పోస్టు తీసేశారు.

డబ్బు వెనక్కి ఇస్తామన్న హామీకి షరతు ఉంది: అన్ని అసైన్‌మెంట్లూ పూర్తిచేసి ఉండాలి. ఒక అసైన్‌మెంట్ పూర్తయినట్టు ఆమోదించాల్సింది వాళ్ళే. చివరిది గడువు దాటేదాకా "పరిశీలనలో ఉంది" అనే చూపించింది. తర్వాత ప్రచురణ ప్యాకేజీ అమ్మడానికి ఫోన్లు మొదలయ్యాయి. కాపీరైట్ రిజిస్టర్ చేయించకపోతే కథ ఎవరైనా ఎత్తుకుపోతారని భయపెట్టి దానికి విడిగా ఫీజు అడిగారు. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో, అంటే ప్రపంచంలో దాదాపు అన్ని చోట్లా, రచన మీద హక్కు రాసిన క్షణంలోనే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కావాలంటే సాక్ష్యం కోసం చేయించుకోవచ్చు, అది వేరే మాట. ఇంకా తమాషా ఏమిటంటే, ఇంతగా హక్కుల గురించి భయపెట్టినవాళ్ళ నిబంధనల్లోనే, యాప్‌లో రాసినదాన్ని ఆడియోగా, అనువాదంగా, దృశ్యరూపంలో వాడుకునే అనుమతి రచయిత వాళ్ళకు ఇచ్చినట్టేనని చిన్న అక్షరాల్లో ఉంది. కొనేముందు ఇంకేదీ చదవకపోయినా ఆ పేరా వెతికి చదవండి. "శాశ్వతంగా", "వెనక్కి తీసుకోలేని" అన్న మాటలుంటే అక్కడే ఆగిపోండి.

ఎడిటర్ చూస్తారంటే, ఆయన ఇంతకుముందు ఎవరి కథకైనా రాసిచ్చిన అభిప్రాయం ఒకటి, ఆ కథతో సహా చూపించమనండి. ఎడిటర్ పేరు చెప్పమనండి. చెప్పలేకపోతే లేరనే అనుకోండి. అచ్చువేస్తామని రచయిత దగ్గరే డబ్బు అడిగితే అది ప్రచురణ సంస్థ కాదు, మనకు అమ్ముతున్న ప్రింటింగ్ సర్వీసు. కావాలని తెలిసి కొనుక్కుంటే తప్పేమీ లేదు, కానీ "మీ నవల ఎంపికైంది" అన్న మాటకు పొంగిపోకండి.

ఇప్పటికే చేరిపోయినవాళ్ళు ఒక పని వెంటనే చేయండి. సభ్యత్వం గడువు ముగిశాక డ్రాఫ్టులు కనిపిస్తాయి గానీ యాప్ వాటిని కాపీ చేయనివ్వదు. పీడీఎఫ్‌గా దించుకుంటే చూడ్డానికి బాగానే ఉంటుంది, అందులోంచి కాపీ చేసి వేరే చోట అతికిస్తే వత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి. నా రెండు చాప్టర్లు అలాగే పోయాయి, తెర మీద చూస్తూ మళ్ళీ టైప్ చేసుకుంటున్నాను. అందుకని గడువు ఉండగానే యాప్ లోపలి నుంచే ఒక్కో చాప్టర్ ఎంచుకుని మామూలు టెక్స్ట్ ఫైల్లోకి తెచ్చుకోండి, తెరిచి వత్తులు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. కార్డు మీద ఆటోమేటిక్ రెన్యువల్ యాప్‌లో ఆపితే చాలదు, బ్యాంకు వైపు నుంచి కూడా ఆపించండి. నాకు యాప్‌లో రద్దయినట్టు చూపించాక కూడా మరుసటి నెల డబ్బు కట్ అయింది.