పెద్దమ్మ మంచం పక్కన చదివిన చిన్న పుస్తకం

మంచం పట్టిన మా పెద్దమ్మకు చదివి వినిపించడానికి ఏదైనా దొరుకుతుందేమోనని గుంటూరు అరండల్‌పేటలోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణానికి వెళ్లి, తొలి మెథడిస్టులు (ఇంగ్లండులో జాన్ వెస్లీ నడిపిన క్రైస్తవ ఉద్యమంవారు) మరణాన్ని ఎదుర్కొన్న తీరును చెప్పే 64 పేజీల పుస్తకాన్ని 40 రూపాయలకు కొన్నాను.

పుస్తకం ధైర్యంతో కాక భయంతో మొదలవడం నాకు బాగా నచ్చింది. 1736 జనవరిలో అమెరికాలోని జార్జియా వెళ్తున్న ఓడ తుఫానులో చిక్కుకుని, తెరచాప చిరిగి, కెరటాలు పైకి విరుచుకుపడుతుంటే ఇంగ్లిషువారు కేకలు పెట్టారట. మొరేవియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన జర్మన్లు మాత్రం అందుకున్న కీర్తన ఆపలేదు. తనకు చావంటే భయమేనని ఆ ఓడలోనే ఉన్న జాన్ వెస్లీ అప్పుడే గ్రహించారు. రక్షణ నిశ్చయత, అంటే దేవుడు తనను రక్షించాడన్న గట్టి నమ్మకం, ఆయనకు 1738 మే 24న, లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో, బైబిల్లోని రోమా పత్రికకు (పౌలు రాసిన లేఖకు) మార్టిన్ లూథర్ రాసిన ముందుమాటను ఎవరో చదువుతుండగా కలిగింది. ఆ వాక్యం దగ్గర పెద్దమ్మ కళ్లు తెరిచి, "మన లూథరేనా?" అని అడిగింది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ వచ్చిన ఊరు కదా, ఆ మాత్రం అభిమానం ఉంటుంది.

తాను విడుదల పొందగానే, అంటే ప్రాణం పోగానే, దేవునికి స్తుతికీర్తన పాడమని వెస్లీ తల్లి సుసన్నా 1742 జూలైలో కోరితే, పిల్లలు మంచం చుట్టూ నిలబడి పాడారు. వెస్లీ 1791 మార్చి 2న, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అన్నిటికన్నా మేలైనది దేవుడు మనతో ఉండడమేనని చివరి ఘడియల్లో అన్న ఆయన, తన శవాన్ని ఆరుగురు పేదలు మోయాలనీ, ఒక్కొక్కరికి ఒక పౌను ఇవ్వాలనీ, శవవాహనం, ఆడంబరం వద్దనీ వీలునామాలో ముందే రాసి ఉంచారు.

వెస్లీ 1778లో మొదలుపెట్టిన మాసపత్రికలో అచ్చైన సామాన్యుల మరణ వృత్తాంతాలే పుస్తకంలో సగం ఉన్నాయి గానీ, వాటిని వరుసగా పేర్చడంతో అందరూ ఒకే గొంతుతో మాట్లాడినట్టుంది. నొప్పితో నోట మాట రానివారి సంగతి పుస్తకం పట్టించుకోలేదు. మా పెద్దమ్మ కొన్ని రోజులు "అమ్మా" తప్ప మరో మాట అనలేదు, అంతమాత్రాన ఆమె నిశ్చయతను నేను శంకించను.

అక్షరాలు మరీ సన్నం. నాకిచ్చిన ప్రతిలో రెండు పేజీలు ఖాళీగా ఉంటే, దుకాణంవారు మారుమాట లేకుండా మార్చి ఇచ్చారు. పెద్ద అక్షరాల ప్రతి కావాలంటే మాత్రం రాలేదన్నారు. ఆదివారం తెరవరు, చూసుకుని వెళ్లండి.