బరంపురం నుంచి జయపురం దాకా: పని మీద వెళ్తే రాత్రి ఎక్కడ దిగాలి?

బరంపురంలో దిగి మర్నాడు పదింటికల్లా కలెక్టరేట్‌లో ఉందామనుకునేవాళ్లు ముందు ఒకటి చూసుకోవాలి. గంజాం జిల్లా కేంద్రం బరంపురం కాదు, ఛత్రపురం. దూరం ఇరవై కిలోమీటర్ల పైనే. కోరాపుట్ జిల్లా సంగతీ అంతే, ఆఫీసులు కోరాపుట్‌లో, పెద్ద బజారు జయపురంలో. రాయగడ ఫ్యాక్టరీలు రాయగడ ఊళ్లో లేవు. ఒడిశా సరిహద్దులో జిల్లా పేరు చూసి గది బుక్ చేస్తే పొద్దున పూటంతా రోడ్డు మీదే పోతుంది. మర్నాటి మొదటి పని ఎక్కడ, రాత్రి బండి ఎన్నింటికి దింపుతుంది అన్న రెండూ తేల్చుకున్నాకే అద్దె సంగతి.

బరంపురంలో గదులకు కొదవ లేదు. స్టేషన్ ఊళ్లోనే, తెలుగుతో పని జరిగిపోతుంది. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ చుట్టూ తిరిగే మెడికల్ రెప్‌లకూ పట్టుచీరల వ్యాపారులకూ ఊరి నడుమ ఉండడమే మేలు. భంజవిహార్‌లోని యూనివర్సిటీలోనో గోపాల్‌పూర్ పోర్టులోనో పని ఉంటే, 16 కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున దిగడమే నయం. అయితే అక్కడ శని, ఆదివారాలు, డిసెంబరు నెలాఖరు టూరిస్టులవి. ఆ రోజుల్లో పని మనుషులకు దక్కేది మిగిలిపోయిన గదే. బరంపురంలో అసలు తలనొప్పి పెళ్లి మండపాలు. మంచి హోటళ్లలో చాలావాటికి కిందనే మండపం ఉంటుంది, ముహూర్తాల రోజుల్లో డీజే మోత మూడో అంతస్తు దాకా వస్తుంది. ‘గది ఉందా’ అని కాదు, ‘ఇవాళ మండపం బుక్ అయిందా’ అని అడగండి. అయిందంటే వెనకవైపు, పై అంతస్తు గది కావాలనండి. రెండేళ్లకోసారి వేసవి మొదట్లో వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర నెలలో ముందుగా చెప్పుకోకపోతే కష్టం.

పర్లాకిమిడి, గుణుపురం చిన్న ఊళ్లు, ఉన్న కాసిని లాడ్జీల్లోనే సర్దుకోవాలి. రెండు చోట్లా ప్రైవేటు యూనివర్సిటీలున్నాయి. అడ్మిషన్లు, స్నాతకోత్సవాల రోజుల్లో తల్లిదండ్రులు వచ్చి గదులన్నీ నింపేస్తారు. పర్లాకిమిడిలో పని సాయంత్రానికి తెమిలిపోతే పలాస వైపు దిగివచ్చి మెయిన్ లైన్ బండి పట్టుకోవడమే తెలివి.

రాయగడ ఈ వరుసలో అన్నిటికన్నా తేలికైన మజిలీ. విజయనగరం, పార్వతీపురం మీదుగా వచ్చే బండి ఊరి మధ్యలోనే దింపుతుంది, తెలుగు ధారాళంగా నడుస్తుంది. జేకే పేపర్ మిల్లు ఉన్న జేకేపూర్ కూతవేటు దూరమే. తేరువలి ఫెర్రో అల్లాయ్స్‌కు ఉదయం వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. టికిరి దగ్గరి అల్యూమినా రిఫైనరీకి మాత్రం రోజూ రాయగడ నుంచి తిరగడం ఒళ్లు హూనం చేసుకోవడమే. రెండు మూడు రోజుల పని ఉంటే ప్లాంటు వాళ్లనే వసతి అడగాలి. బయటివాళ్లకు తెలియనిది షట్‌డౌన్ సంగతి. ప్లాంటు మరమ్మతులకు ఆగిందంటే కాంట్రాక్టర్లు లాడ్జీలను వారాల తరబడి గంపగుత్తగా తీసేసుకుంటారు. అందుకే తేదీ ఖాయం చేసుకునే ముందు, కలవబోయే మనిషిని షట్‌డౌన్ ఎప్పుడని ఒక్క మాట అడగడం మంచిది.

కోరాపుట్, జయపురాల మధ్య దూరం ఇరవై కిలోమీటర్ల చిల్లరే గానీ వాతావరణం వేరు. కోరాపుట్ ఎత్తు 850 మీటర్ల పైన. డిసెంబరు, జనవరిల్లో ఏసీ గదికి డబ్బు పోయడం దండగ, కావలసింది వేడినీళ్లు, అదనంగా ఒక కంబళి. మెడికల్ కాలేజీ, జిల్లా ఆఫీసులు, సునాబెడలోని విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్ పనులుంటే కోరాపుట్. నవరంగపూర్, మల్కనగిరి వైపు వెళ్లేవాళ్లు, బజారు ఆర్డర్లు తీసేవాళ్లు జయపురం. రైలు స్టేషన్లు రెండు చోట్లా ఊరికి ఎడంగానే ఉంటాయి కాబట్టి అర్ధరాత్రి దిగేట్టయితే ఆటో ముందే మాట్లాడి పెట్టమని లాడ్జి వాళ్లకు చెప్పాలి. దామన్‌జోడిలో అల్యూమినియం కంపెనీ నాల్కోతో పని ఉన్న సరఫరాదారులు గెస్ట్‌హౌస్ కోసం తాము కలవబోయే శాఖనే ముందుగా అడగాలి. గేటు దగ్గర నిలబడి అడిగితే పని కాదు.

వర్షాకాలంలో ఇంకో లెక్క. విశాఖ వైపు నుంచి కోరాపుట్, జయపురం వెళ్లే కొత్తవలస–కిరండూల్ లైన్‌లో కొండచరియలు విరిగిపడితే బండ్లు రద్దవుతాయి, లేదా దారి మధ్యలోనే ఆపేస్తారు. సాలూరు దాటి సుంకి ఘాట్ రాత్రిపూట, వానలో ఎక్కకపోవడమే మంచిది. జూలై నుంచి అక్టోబరు దాకా డబ్బు ముందే కట్టేసే బుకింగ్ పెట్టుకోకండి. కాస్త ఎక్కువైనా హోటల్‌లోనే కట్టే పద్ధతి మేలు.

గది చూపించినప్పుడు బెడ్‌షీటు కన్నా ముందు గీజర్ చూడండి. చాలా చోట్ల ఉండేది 3 లీటర్ల, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్. చలికాలంలో 15 లీటర్ల బకెట్ నీళ్లు 25 డిగ్రీలు వేడెక్కాలంటే దానికి దాదాపు 9 నిమిషాలు పడుతుంది. కుళాయి ధారాళంగా తిప్పితే వచ్చేవి గోరువెచ్చటి నీళ్లే, సన్నగా తిప్పి బకెట్ నిండనివ్వాలి. కరెంటు పోతే గీజరూ పోతుంది, ఇన్వర్టర్ ఫ్యానుకూ లైటుకూ మాత్రమే. జనరేటర్ ఉందన్నంత మాత్రాన సరిపోదు, దాని మీద ఏసీ నడుస్తుందా అని విడిగా అడగాలి. జనరేటర్ ఏ గోడ అవతల ఉందో కూడా చూసుకోండి. తర్వాత ఫోన్ సిగ్నల్, అదీ తలుపు వేసి, మంచం దగ్గర నిలబడి.

కిటికీ జాలీ చిరిగి ఉంటే గది మార్చమనండి. కోరాపుట్, రాయగడ, మల్కనగిరి మలేరియా ప్రాంతాలు. ఒంటి మంచం దోమతెరతో పాటు నాలుగు తాడు ముక్కలూ వెంట ఉండాలి, ఎందుకంటే గోడలకు కొక్కేలు ఉండవు. తిరిగొచ్చాక నెలలోపు జ్వరం తగిలితే డాక్టరుకు ఈ ప్రయాణం సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి.

చెకౌట్ పద్ధతి ముందే తేల్చుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి దిగేవాళ్లకు 24 గంటల లెక్క ఉన్న లాడ్జి లాభం. పొద్దున 8కో మధ్యాహ్నం 12కో ఖాళీ చేయమనే చోట, కాసేపటి నిద్రకే రోజు అద్దె పడుతుంది. ఖాయమైన టికెట్ ఉంటే, రిటైరింగ్ రూములున్న స్టేషన్లలో పీఎన్‌ఆర్‌తో గది తీసుకోవచ్చు.

ఇక బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజు అద్దె 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతమే, అంతకు ముందు 12. అంటే 1,800 గదికి పన్ను 90 రూపాయలు, 216 కాదు. ఇంకా పాత రేటు వేస్తే అక్కడే అడగండి. హోటల్ జీఎస్టీ నంబరు 21తో మొదలవ్వాలి, అది ఒడిశా కోడ్. గది ఎక్కడుందో ఆ రాష్ట్రం పన్నే పడుతుంది కాబట్టి, మీ కంపెనీకి ఆంధ్రా, తెలంగాణ రిజిస్ట్రేషన్లే ఉంటే బిల్లు మీద దాని నంబరు వేయించినా ఈ పన్ను క్రెడిట్‌గా తిరిగి రాదు. ఖర్చులో కలిపి లెక్క కట్టుకోవడమే. రిజిస్ట్రేషన్ లేని లాడ్జి జీఎస్టీ పేరుతో ఏమీ తీసుకోకూడదు. యాప్‌లో కడితే బిల్లు ఎవరిస్తారో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. యాప్‌లో ఒక మొత్తం, హోటల్ కాగితం మీద ఇంకో మొత్తం ఉంటే అకౌంట్స్ వాళ్లు క్లెయిమ్ పక్కన పెట్టేస్తారు. బిల్లు మీద కంపెనీ పేరు, గది నంబరు, దిగిన సమయం, ఖాళీ చేసిన సమయం రాయించుకోండి. 24 గంటల లాడ్జిలో రెండో రోజు అద్దె మీద మాట వచ్చినప్పుడు కౌంటర్లో వాళ్లు చూసేది ఆ సమయమే.