ఇంటి నుంచి గేమ్ టెస్టింగ్: నాలుగున్నరేళ్లు చేశాక చెప్తున్నా

2020 అక్టోబర్‌లో చేరాను. ఆఫీసు హైదరాబాద్‌లో, కానీ కరోనా వల్ల మొదటి రోజు నుంచీ పని ఖమ్మంలో మా మేడ మీద గదిలోనే. మధ్యలో ఎనిమిది నెలలు ఆఫీసుకు వెళ్లొచ్చాను, మళ్లీ ఇల్లే. "గేమ్స్ ఆడితే జీతం ఇస్తారంట కదక్కా" అని అడిగే వాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ఆడటం వేరు, గేమ్‌లో తప్పులు (బగ్స్) వెతికి రాసే ఈ పని వేరు. ఒక గేమ్‌లో లిఫ్ట్ ఉండేది. అందులో వెళ్తుండగా గేమ్ మూసేసి మళ్లీ తెరిస్తే హీరో నేలలోంచి కిందికి జారిపోయి పడుతూనే ఉన్నాడు, ఆ సేవ్ ఇక ఎందుకూ పనికిరాదు. మొదటిసారి అనుకోకుండా కంటపడింది. మళ్లీ చేస్తే రాలేదు. ఒకటిన్నర రోజు అదే లిఫ్ట్ ఎక్కడం, దిగడం, మూయడం, తెరవడం. చివరికి తేలింది, లిఫ్ట్ రెండో అంతస్తు దాటాక ఆటోసేవ్ (గేమ్ తనంతట తానే సేవ్ అవడం) పడితేనే వస్తోంది, అప్పుడు పదికి పదిసార్లూ వస్తోంది. ఆ తర్వాత బిల్డ్ (మాకు టెస్టింగ్‌కి పంపే గేమ్ వెర్షన్) నంబరు, ఏం చేస్తే వస్తుందో వరుసగా స్టెప్స్, పదికి ఎన్నిసార్లు వచ్చిందో, వీడియో, అన్నీ పెట్టి, బగ్స్ నమోదు చేసే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు రాశాను. నా ఉద్యోగం అంటే ఆ రిపోర్టే. అది సరిగ్గా లేకపోతే "మా దగ్గర రావట్లేదు" అని డెవలపర్ మూసేస్తాడు, మన ఒకటిన్నర రోజు గాల్లో కలిసిపోతుంది.

ఇంకా చాలా ఉంటాయి. ఆడుతుండగా కంట్రోలర్ డిస్‌కనెక్ట్ అయితే గేమ్ ఆగుతోందా, నెట్ పోతే సరైన మెసేజ్ వస్తోందా, కన్సోల్ (గేమ్స్ ఆడే మెషిన్) కంపెనీ చెప్పిన పేరుతోనే బటన్‌ని పిలిచారా, ఇలాంటివి తప్పితే సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో వాళ్లు గేమ్‌ని వెనక్కి పంపిస్తారు. ఎక్కడైనా గోడలోంచి దూరిపోతాడేమో అని ఒక్కోరోజు ప్రతి గోడకీ హీరోని ఆనించి నడపడమే పని.

నేను చేరిన రెండు నెలలకే సైబర్‌పంక్ 2077 అనే గేమ్ బగ్స్‌తో విడుదలై గోల అయితే, సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. "టెస్టర్లు ఏం చేస్తున్నారు" అని ఊళ్లో ఫ్రెండ్స్ కూడా నన్నే అడిగారు. ఆ గేమ్ లోపలి సంగతి నేను మాట్లాడను గానీ, మా పని గురించి ఒకటి చెప్పాలి. బగ్ పట్టుకునేది మేము, దాన్ని బాగుచేయాలా వదిలేయాలా అని తేల్చేది మేము కాదు. నేను రాసినా, పైవాళ్లు తెలిసి తెలిసీ వదిలేసి రిలీజ్ చేసిన బగ్స్ ఎన్నో ఉన్నాయి. బాధేస్తుంది, ఇప్పటికీ.

ఇక ఇంటి సంగతి. ముందు నెట్. బిల్డ్ ఒక్కోటి 70, 80 జీబీ, వారంలో మూడు నాలుగు వస్తాయి. 100 ఎంబీపీఎస్ లైన్ మీద 80 జీబీ దిగడానికి అన్నీ బాగుంటేనే దాదాపు రెండు గంటలు. మొదట్లో నాకు 40 ఉండేది, రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుని, తెల్లారి చూస్తే సగంలో ఆగిపోయి ఉండేది, స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగ్) ఏం చెప్పాలో తెలియక ఒకటే టెన్షన్. వేసవిలో కరెంటు పోతే రాత్రంతా వదిలేసి నడిపే టెస్ట్ మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. ఇన్వర్టర్ నా డబ్బుతోనే కొన్నా. కంపెనీ ఇవ్వలేదు, ఇవ్వాల్సింది.

గది విడిగా లేకపోతే ఈ పని ఇంట్లో కుదరదు. విడుదల కాని గేమ్ తెర ఎవరి కంటా పడకూడదని సంతకం పెట్టి ఉంటాం. మా తమ్ముడికి గేమ్స్ అంటే ప్రాణం, వాడికి నాలుగున్నరేళ్లలో ఒక్క ఫ్రేమ్ చూపించలేదు. అమ్మ టీ తెచ్చినా తలుపు కొట్టి బయట స్టూలు మీద పెట్టి వెళ్తుంది. క్లయింట్ తూర్పు కెనడా వాళ్లు, వాళ్ల పొద్దున పది గంటల మీటింగ్ మనకి వేసవిలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ఇంట్లో అందరూ భోంచేసే టైమ్ అదే.

ఆఫీసులో ఉన్న ఎనిమిది నెలల్లో నేర్చుకున్నంత ఇంట్లో రెండేళ్లలో నేర్చుకోలేదు. పక్క సీటు వాడు "ఇది చూడు" అంటే కుర్చీ తిప్పి చూస్తాం, ఇద్దరం కలిసి గంటలో పట్టేస్తాం. ఇంట్లో వీడియో తీసి, అప్‌లోడ్ చేసి, జవాబు కోసం కూర్చోవాలి. అయినా నేను ఇల్లే కోరుకున్నా. నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు దగ్గరున్నాను, హైదరాబాద్ హాస్టల్ ఖర్చు మిగిలింది. మొదట చేతికొచ్చింది నెలకి 17 వేలే, ఆ జీతంతో అక్కడ ఉండుంటే ఏమీ మిగిలేది కాదు. ఒక పెద్ద గేమ్ మీద పద్నాలుగు నెలలు పనిచేశాక చివర్లో పడే పేర్లలో మా టీమ్ ఒక్కరి పేరూ లేదు. జీతం కంటే అదే ఎక్కువ తగిలింది నాకు.

రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు అని టెలిగ్రామ్‌లో అడిగేవాళ్లకి మాత్రం రూపాయి కూడా కట్టకండి. మా ఇంటర్వ్యూలో డబ్బు ఊసే లేదు, ఒక చిన్న గేమ్ ఇచ్చి దొరికిన బగ్స్ రాయమన్నారు, అంతే. నిజంగా రావాలనుకుంటే మీ ఫోన్‌లో ఉన్న ఏదో ఒక గేమ్‌లో బగ్ పట్టుకుని, స్టెప్స్ రాసి, ఆ గేమ్ ఎప్పుడూ ఆడని మనిషికి ఇవ్వండి. వాళ్లు మిమ్మల్ని ఒక్క మాట అడక్కుండా ఆ బగ్‌ని తెప్పించగలిగితే ఆ రిపోర్టు నాకు పంపండి, చదివి ఎలా ఉందో చెప్తాను.