యాప్ బిల్డ్‌ల సీఐ నిమిషాల లెక్క తేల్చుకోకుండా డబ్బు కట్టకండి

హైదరాబాద్‌లో చిన్న మొబైల్ యాప్ టీమ్‌లు నడిపేవాళ్లకు ఈ హెచ్చరిక. కోడ్ దాచుకునే రిపోలు మార్చి, కోడ్ మారిన ప్రతిసారీ తనంతట తానే బిల్డ్, టెస్ట్ చేసే సీఐ (కంటిన్యువస్ ఇంటిగ్రేషన్) సెటప్ చేసిపెడతామంటూ మాదాపూర్, అమీర్‌పేట వైపు తిరిగే మధ్యవర్తులు కొందరు "నెలకు 2000 నిమిషాలు ఫ్రీ, మీకు మిగిలిపోతాయి" అని నమ్మబలికి అడ్వాన్స్ తీసుకుంటున్నారు. తీరా చూస్తే నెల సగం కాకముందే బిల్డ్‌లు ఆగిపోతున్నాయి.

కోడ్ దాచి, బిల్డ్‌లు నడిపే గిట్‌హబ్ సైట్ ఫ్రీ ప్లాన్‌లో ప్రైవేట్ రిపోలకు నెలకు 2000 నిమిషాల మెషీన్ సమయం ఇచ్చే మాట నిజమే. కానీ అది లినక్స్ మెషీన్ల లెక్క. ఐఫోన్ బిల్డ్‌కు మ్యాక్ కావాలి. మ్యాక్ మీద ఒక నిమిషం నడిస్తే దాదాపు పది నిమిషాలు కోత పడుతుంది. 15 నిమిషాల ఐఓఎస్ బిల్డ్‌కు 150 పోతాయి, 13 బిల్డ్‌లకే కోటా అడుగంటుతుంది. పైగా ప్రతి జాబ్‌నూ (సీఐ నడిపే ఒక్కో పనిని) పై నిమిషానికి రౌండ్ చేస్తారు. 20 సెకన్ల జాబ్‌లు పది పెడితే నడిచేది మూడు నిమిషాల చిల్లర, కోసేది పది. లింట్ (కోడ్‌లో తప్పుల తనిఖీ), ఫార్మాట్ లాంటి చిన్న పనుల్ని ఒకే జాబ్‌లో స్టెప్పులుగా పెట్టించండి.

ఇలాంటి సైట్లే అయిన గిట్‌ల్యాబ్ ఫ్రీలో నెలకు 400 నిమిషాలు, బిట్‌బకెట్ ఫ్రీలో 50. ఆ 50 రోజూ కొత్త కోడ్ పుష్ చేసే (పంపే) టీమ్‌కు ఏ మూలకూ రావు.

అసలు దెబ్బ టైమౌట్ దగ్గర. గిట్‌హబ్‌లో జాబ్‌కు డిఫాల్ట్ గడువు 360 నిమిషాలు. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (టెస్టుకు వాడే నకిలీ ఫోన్) బూట్ కాక వేలాడితే ఒక్క రాత్రిలో ఆరు గంటలు హారతి. ప్రతి జాబ్‌లో టైమౌట్-మినిట్స్ 20 అని రాయండి. ఒకే బ్రాంచ్‌కు కొత్త పుష్ రాగానే పాత రన్ ఆగేలా క్యాన్సిల్-ఇన్-ప్రోగ్రెస్ పెట్టండి. కార్డు జోడించి ఉంటే బడ్జెట్ పెట్టినంత మాత్రాన ఖర్చు ఆగదు. పరిమితి దాటగానే వాడకం ఆపే ఆప్షన్ విడిగా టిక్ చేయాలి, లేదంటే మెయిల్ వస్తుంది, మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

మధ్యవర్తులిచ్చే యామెల్ ఫైలు (సీఐ ఏం చేయాలో రాసి ఉండేది) తెరిచి చూడండి. బయటివాళ్ల యాక్షన్‌లు (రెడీమేడ్ స్టెప్పులు) ట్యాగ్‌తో, అంటే తర్వాత వేరే కోడ్ వైపు తిప్పగలిగే వెర్షన్ పేరుతో ఉంటే ఒప్పుకోకండి, ఒకే కోడ్‌ను సూచించే 40 అక్షరాల కమిట్ హ్యాష్‌తోనే ఉండాలి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ ఘటనలో ట్యాగ్‌లనే దొంగ కమిట్ వైపు తిప్పి, సీక్రెట్లు (సీఐకి ఇచ్చిన టోకెన్లు, పాస్‌వర్డ్‌లు) లాగ్‌లలోకి వచ్చేలా చేశారు. 23,000కు పైగా రిపోలు వాడుతున్న యాక్షన్ అది.

చివరి వాయిదా ఇచ్చేముందు గిట్‌హబ్ ఆర్గనైజేషన్ (మీ టీమ్ ఖాతా) ఓనర్ల జాబితా తెరవండి. మీవాళ్లు ఇద్దరు ఓనర్లుగా ఉండాలి, సెటప్ చేసినవాళ్ల మెయిల్ అందులో ఉండకూడదు. వాళ్లను తీసేశాక సీక్రెట్లలో పెట్టిన టోకెన్లు, పాస్‌వర్డ్‌లు అన్నీ అదే రోజు మార్చేయండి.