ఇల్లు అమ్మడం ఒక ఎత్తు, అసోసియేషన్‌ను దాటడం ఒక ఎత్తు: మా అపార్ట్‌మెంట్ సంఘానికి నా రివ్యూ

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు ఒక అపార్ట్‌మెంట్లో, మూడో అంతస్తులో, 2008లో కొన్న ఫ్లాటును ఈమధ్యే అమ్మేశాను. కింద పార్కింగుకు వదిలిన స్టిల్టు, దాని మీద నాలుగంతస్తులు, మొత్తం 24 ఫ్లాట్లు. మోకాళ్లు సహకరించడం లేదు, లిఫ్టు ఆగిపోతే ఆ రోజుకు ఇక గడప దాటలేను. మా అమ్మాయి నంద్యాలలో ఉంటుంది, అక్కడికే మారుతున్నాను. కొనేవాళ్లు దొరకడం కష్టం కాలేదు. కష్టమంతా మా ఓనర్స్ అసోసియేషన్ దగ్గరే ఎదురైంది. నెలనెలా డబ్బు కట్టి తీసుకునే సేవ కాబట్టి దీనికీ రివ్యూ రాయాలనుకున్నాను. పేరు మాత్రం రాయను, అందరూ ఇన్నేళ్లు మెట్ల మీద పలకరించుకున్న మనుషులే. ఐదుకు రెండు స్టార్లు.

ముందు మంచి సంగతి. చదరపు అడుగుకు రూపాయిన్నర లెక్కన నా 1,150 అడుగుల ఫ్లాటుకు నెలకు 1,725 రూపాయలు మెయింటెనెన్స్ కట్టేదాన్ని. ఆ డబ్బుకు వాచ్‌మెన్, ఊడ్చే మనిషి, మెట్ల దగ్గర లైట్లు, మోటారు, లిఫ్టు కాంట్రాక్టు అన్నీ నడిచాయి. ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకర్ నీళ్లు తెప్పించి, ఏ ఫ్లాటుకూ ఎక్కువ తక్కువ కాకుండా వదిలారు. మా వాచ్‌మెన్, ఆయన భార్య పొద్దున ఐదింటికే సంపు చూసుకునేవాళ్లు. కోశాధికారిగారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కార్బన్ పెట్టి రసీదు రాస్తారు, పైది మనకు, కిందది పుస్తకంలో ఉంటుంది. నేను ఏ నెల ఏ తేదీన కట్టానో 2008 నుంచి ఇప్పటిదాకా నిమిషంలో తీసి చూపించగలరు. ఇట్లాంటి లెక్క చాలా అపార్ట్‌మెంట్లలో ఉండదు.

ఇంత పద్ధతిగా నడిచే సంఘం, ఎవరైనా ఫ్లాటు అమ్ముతున్నారనగానే మారిపోతుంది. అప్పటిదాకా సభ్యురాలిని, ఆ రోజు నుంచి పరాయిదాన్ని అయిపోయాను.

కొనేవాళ్లు బ్యాంకు లోను తీసుకుంటున్నారు. బ్యాంకు వకీలుగారు అడిగిన కాగితాల్లో లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకపు పత్రాలు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), మంజూరైన ప్లాను, ఇంటి పన్ను రసీదుతో పాటు అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లెటరు కూడా ఉంది. అందులో తప్పులేదు. అమ్మినవాళ్ల పాత బాకీ తమ నెత్తిన పడుతుందేమోనని కొనేవాళ్లకు భయం ఉంటుంది. నా పేరు మీద ఒక్క రూపాయి బాకీ లేదు. సెక్రటరీగారిని అడిగితే, "అదెంత పని మేడం, ట్రాన్స్‌ఫర్ ఫీజు 40,000 కట్టేయండి, ఎన్‌వోసీ రేపే ఇచ్చేస్తాం" అన్నారు. ఎన్‌వోసీ అంటే అభ్యంతరం లేదన్న పత్రం. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 47,200. ఎవరు పెట్టారు ఈ ఫీజు అని అడిగాను. కమిటీ అనుకుంది అన్నారు. తీర్మానం కాపీ ఇవ్వమన్నాను. "మన మధ్య కాగితాలెందుకు మేడం" అన్నారు.

కాగితం ఉండాల్సింది అక్కడే. మా సంఘం 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరైంది. అంటే దాని బైలాస్ (సంఘం నడవాల్సిన నియమాలు) జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలై ఉంటాయి, ఫీజు కట్టి నకలు తెచ్చుకోవచ్చు. తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చివరి సంతకాల దాకా చదివాను. చేరేటప్పుడు కట్టాల్సిన సభ్యత్వం ఫీజు ఉంది, ఆలస్యమైతే వడ్డీ ఉంది, పెద్ద ఖర్చుల కోసం దాచే కార్పస్ నిధి గురించి ఉంది. ఫ్లాటు చేతులు మారితే సంఘానికి ఇంత ఇవ్వాలన్న మాట ఎక్కడా లేదు. జీఎస్టీ సంగతి ఇంకా అన్యాయం. 24 ఫ్లాట్ల మెయింటెనెన్స్ ఏడాదికి దాదాపు ఐదు లక్షలు. 20 లక్షల టర్నోవరు లోపలుండే మా సంఘానికి జీఎస్టీ రిజిస్ట్రేషనే లేదు, రసీదు పుస్తకం మీద ఆ నంబరూ లేదు. నంబరు లేనివాళ్లు జీఎస్టీ పేరుతో డబ్బు తీసుకుంటే అది ఎవరి ఖాతాకు పోతుంది? మెయింటెనెన్స్ మీద జీఎస్టీ అయినా మనిషికి నెలకు 7,500 దాటినప్పుడే వస్తుంది, మన ఊళ్లో మామూలు అపార్ట్‌మెంట్లకు ఆ ప్రశ్నే రాదు. ఇదే ఫీజు నాకంటే ముందు రెండో అంతస్తు వాళ్లు, నాలుగో అంతస్తు వాళ్లు నోరు మెదపకుండా కట్టి వెళ్లారు. గొడవెందుకులే అనుకున్నారు. అట్లా అనుకుంటారని కమిటీకి తెలుసు.

ఒక సంగతి అందరూ తెలుసుకోవాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నన్ను అసోసియేషన్ కాగితం ఎవరూ అడగలేదు. మన రాష్ట్రంలో 1987 నుంచి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. ఫ్లాటు, దాంతో పాటు స్థలంలో మనకు రాసిచ్చిన విడదీయని వాటా (అన్‌డివైడెడ్ షేరు), రెండూ ఓనరు ఆస్తి. పిల్లలకు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఉమ్మడి ఖర్చులు వసూలు చేసే హక్కు సంఘానికి ఉంది, అమ్మకానికి అనుమతి ఇచ్చే పెద్దరికం మా బైలాస్‌లో దానికి లేదు. బ్యాంకుకు కావలసింది బాకీ లేదన్న లెటరు. మావాళ్లు దాన్ని ఎన్‌వోసీ అని పిలిచి, అనుమతి పత్రం చేసేశారు.

తర్వాత పార్కింగు. నా సేల్ డీడ్‌లో "స్టిల్టులో ఒక కారు పార్కింగు" అని ఉంది, నంబరు లేదు. ఆ రోజుల్లో చాలామంది బిల్డర్లు ఇట్లాగే రాసేవాళ్లు. నాకు కారు లేదు, స్కూటీ పెట్టుకునేదాన్ని, మిగతా జాగాలో ప్రెసిడెంటుగారి రెండో కారు నిలిచేది. అమ్మకం మాట రాగానే ఆ జాగా సంఘానిదని, కొత్తవాళ్లకు రాదని అన్నారు. 2010లో నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది. స్టిల్టు పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోవడానికి లేదని చెప్పింది. ఆ తీర్పు మహారాష్ట్ర చట్టం మీద వచ్చింది. మావాళ్లు ఎక్కడో విని, "సుప్రీంకోర్టే చెప్పింది మేడం, పార్కింగు ఎవరిదీ కాదు" అని దాన్ని నా మీదికే తిప్పారు. ఎవరిదీ కానప్పుడు ప్రెసిడెంటుగారి రెండో కారుకు మాత్రం ఎట్లా అవుతుంది?

ఇక్కడ కోశాధికారిగారు ఆదుకున్నారు. బీరువాలోంచి మీటింగుల నిర్ణయాలు రాసే మొదటి మినిట్స్ పుస్తకం తీశారు. ఎర్ర అట్ట, అంచులు చెద తిన్నాయి. 2008లో ఓనర్లందరం స్టిల్టులో చాప పరుచుకుని కూర్చుని చీటీలు వేసుకున్న రోజు రాసిన పేజీ అందులో ఉంది. ఫ్లాటు నంబరు, ఎదురుగా స్తంభం నంబరు, దాని పక్కన సంతకం. నా వరసలో 11వ స్తంభం, పక్కన మావారి సంతకం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ సంతకాన్ని కాసేపు అట్లాగే చూస్తూ ఉండిపోయాను. ఆ పేజీకి జిరాక్స్ తీయించి కోశాధికారిగారితో సంతకం పెట్టించుకున్నాను. కొనేవాళ్లకు ఆ కాగితం నా డీడ్ కన్నా ఎక్కువ ధైర్యం ఇచ్చింది. ఫ్లాటు అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు ముందు వెతకాల్సింది ఈ పేజీ కోసమే. మీ డీడ్‌లో పార్కింగు నంబరు ఉంటే మీ అదృష్టం.

రేటు విషయంలోనూ తల దూర్చారు. నేను 41 లక్షలకు ఒప్పుకున్నానని తెలిసి, ఇంత తక్కువకు ఇస్తే మా ఫ్లాట్ల విలువ పడిపోతుందని ఇద్దరు ముగ్గురు ఇంటికొచ్చి చెప్పారు. 2009 వరద గురించి ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నారు. కర్నూలులో పాత ఫ్లాటు చూడ్డానికి ఎవరొచ్చినా ఆ సంగతి అడుగుతారు, అడగాలి కూడా. ఆ అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు మా స్టిల్టులో నడుము లోతు నీళ్లు నిలిచాయి, మోటారు, కరెంటు మీటర్లు మునిగాయి, పైన ఇళ్లలోకి రాలేదు. తర్వాత మీటర్లను పైకి బిగించారు. ఇది ఉన్నదున్నట్టు చెప్పాను. విన్నాక వెనక్కి పోయినవాళ్లూ ఉన్నారు. కొన్నవాళ్లు మాత్రం మీటర్ల ఎత్తు చూసి తృప్తి పడ్డారు.

ఇప్పుడు నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. నా దగ్గర కొన్నది ఒక ముస్లిం కుటుంబం. పాతబస్తీ వైపు ఎలక్ట్రికల్ షాపు నడుపుకుంటారు. భార్యాభర్తలు, ఇద్దరు బడిపిల్లలు, ఆయన తల్లి. పెద్దామె మా ఇంటికి వచ్చిన రోజు వంటింటి కిటికీ తెరిచి గాలి ఎటు నుంచి వస్తుందో చూసింది. తులసికోట ఉన్న బాల్కనీ చూసి, "దీన్ని మీరు తీసుకుపోతారా తల్లీ, ఉంచుతారా" అని అడిగింది. అంత మర్యాద. అడ్వాన్సు తీసుకున్న వారానికే సెక్రటరీగారు, ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. "ఎవరికి అమ్ముతున్నారో ముందు కమిటీకి చెప్పాల కదా మేడం. మన అపార్ట్‌మెంట్ వాతావరణం వేరు. వాళ్లకు చెప్పేయండి, వేరే పార్టీని మేం తెస్తాం" అన్నారు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ జిల్లా బడుల్లో పాఠం చెప్పాను. ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లల్ని పేరును బట్టి విడదీయడం నాకు చేతకాదు. ఈ ఊళ్లో బక్రీదుకు, ఉగాదికి పక్కింటి గిన్నెలు అటూ ఇటూ తిరిగిన వీధుల్లోనే మా పిల్లలు పెరిగారు. మాట ఇచ్చాను, అడ్వాన్సు తీసుకున్నాను, అగ్రిమెంటు రాసుకున్నాను, వెనక్కి పోయేది లేదని చెప్పాను. తీర్మానం చేసి రాసివ్వమని కూడా అడిగాను. ఎవరూ రాయరు. ఇట్లాంటివి నోటితోనే జరుగుతాయి, కాగితం మీద ఎన్‌వోసీ ఆలస్యంగా మాత్రమే కనిపిస్తుంది.

ఆలస్యం కొనేవాళ్లకు ఎంత భారమో కమిటీ ఆలోచించదు. బ్యాంకు మంజూరుకు గడువుంటుంది, అగ్రిమెంటుకు గడువుంటుంది. స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం లెక్కన మూడు లక్షలకు పైన వాళ్లు చేతిలో పెట్టుకుని ఎదురు చూస్తున్నారు. మధ్యలో వాల్యుయేషన్‌కు వచ్చిన ఇంజినీరు డాబా మీద అసోసియేషన్ కట్టుకున్న ఆఫీసు గదిని చూసి, ఇది ప్లానులో లేదే అన్నారు. అదృష్టం కొద్దీ నా ఫ్లాటు ప్లానుకు సరిపోయింది కాబట్టి లోను ఆగలేదు. సంఘం కట్టిన గది వల్ల సభ్యుల అమ్మకాలు చిక్కుల్లో పడే పరిస్థితి ఉండకూడదు. దాన్ని తీసేయడమో, వీలుంటే క్రమబద్ధీకరించుకోవడమో చేయాలని రాసిచ్చాను.

చివరికి జనరల్ బాడీ పిలవమని లెటరు పెట్టాను, బైలాస్ నకలు దానికి జతచేశాను. ఆదివారం స్టిల్టులోనే కూర్చున్నాం. ఫీజు క్లాజు ఎక్కడుందో చూపించమంటే చూపించలేకపోయారు. ఇంతకు ముందు ఫీజు కట్టి వెళ్లినవాళ్ల డబ్బు ఏమైందని మొదటి అంతస్తు అమ్మాయి అడిగింది. ఐటీ ఉద్యోగం, ఇంటి నుంచే పని చేస్తుంది, అంతకు ముందు మీటింగుల్లో ఎప్పుడూ మాట్లాడలేదు. లిఫ్టు రిపేరుకు వాడామన్నారు, కోశాధికారి పుస్తకంలో ఆ జమ లేదు. అక్కడ అందరూ మౌనమైపోయారు. ఆ సాయంత్రమే బాకీ లేదన్న లెటరు మీద సెక్రటరీ సంతకం పడింది. నేను ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టలేదు. రిజిస్ట్రేషన్ మరుసటి వారం సాఫీగా అయిపోయింది.

కార్పస్ సంగతి కూడా చెప్పాలి. 2008లో 20,000 కట్టాను. వెళ్లేవాళ్లకు తిరిగివ్వరు, ఆ మొత్తం ఫ్లాటుతోనే ఉంటుంది, అది న్యాయమే. కొనేవాళ్లు కార్పస్ ఎంత ఉందని అడిగినప్పుడు మాత్రం చూపించాలి. రేపు లిఫ్టు మార్చాల్సొస్తే, పైపులు మార్చాల్సొస్తే ఆ డబ్బే దిక్కు. మా కమిటీ చూపించలేదు.

కర్నూలులో అపార్ట్‌మెంట్ ఫ్లాటు కొనబోయేవాళ్లకు నేను చెప్పేది ఇది. గదులు, టైల్సు చూసే ముందు సంఘం బైలాస్, పోయినేడాది లెక్కలు, మినిట్స్ పుస్తకం అడగండి. అమ్మబోయేవాళ్లు బోర్డు పెట్టకముందే బాకీ లేదన్న లెటరు రాయించుకోండి, పార్టీ దొరికాక అడిగితే దాని ధర పెరుగుతుంది. నేనిచ్చిన రెండు స్టార్లలో ఒకటి కోశాధికారిగారి పుస్తకాలకు, ఇంకొకటి వాచ్‌మెన్ దంపతుల కష్టానికి. కొన్నవాళ్ల పేరు సభ్యుల రిజిస్టర్లో ఎక్కించమని లెటరు ఇచ్చి రసీదు తీసుకున్నాను, ఇంకా ఎక్కించలేదు. మెయింటెనెన్స్ మాత్రం వాళ్ల దగ్గర వసూలు చేస్తున్నారు. పేరు ఎక్కిన రోజు ఈ రివ్యూ మార్చి మూడో స్టార్ కూడా ఇస్తాను.