లాటిన్ క్రియల చివర్లు: పట్టిక బట్టీ పట్టాలా, కథలు చదవాలా, సంస్కృతం మీదుగా వెళ్లాలా? ఏది మేలు?

హనుమకొండ నయీంనగర్‌లో దేనికంటే దానికి కోచింగ్ బోర్డు కనిపిస్తుంది, లాటిన్‌కి మాత్రం నేనైతే ఒక్కటీ చూడలేదు. కాబట్టి మన ఓరుగల్లు వైపు ఎవరైనా ఈ భాష మొదలుపెడితే దాదాపు సొంతంగానే, పీడీఎఫ్‌లు, యూట్యూబ్ ముందేసుకుని. చాలామంది మొదటి వారంలోనే ఆగిపోయేది వర్తమాన కాలం క్రియ చివర్ల దగ్గర. పట్టిక బట్టీ పట్టమనేవాళ్లు కొందరు, పట్టిక జోలికే పోకు, తేలిక కథలు చదువు, అదే వస్తుంది అనేవాళ్లు కొందరు. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్లు మన దగ్గర బోలెడు, వాళ్లకి ఇంకో దారి కూడా ఉంది.

పట్టిక అంటే ఇది. ప్రేమించడం అనే క్రియకి: అమో (నేను), అమాస్ (నువ్వు), అమత్ (అతను, ఆమె, అది ఏదైనా), అమాముస్ (మేము), అమాతిస్ (మీరు), అమంత్ (వాళ్లు). చివర్లు ఆరే, ఒక సాయంత్రం పని. తెలుగువాళ్లకి ఇంకా సులువు, ఎందుకంటే వస్తున్నాను, వస్తున్నావు, వస్తున్నాము అని మన క్రియలోనే మనిషి ఉంటాడు, 'నేను' అని విడిగా అనకపోయినా నడుస్తుంది, లాటిన్‌లోనూ అచ్చం అంతే. పైగా కొన్ని మనకి తెలియకుండానే వచ్చు: వీడియో అంటే 'చూస్తున్నాను', ఆడియో అంటే 'వింటున్నాను', హైకోర్టులో వేసే మాండమస్ రిట్ ఉంది చూడండి, అది 'ఆజ్ఞాపిస్తున్నాము'.

మరి చిక్కేంటి? ఎక్కాల్లాగా వరసలో గడగడా వస్తుంది, మధ్యలోది అడిగితే రాదు. అమాతిస్ కనబడగానే అమో నుంచి లెక్కపెట్టుకుంటూ ఐదోదాని దాకా నడవాలి. అయినా నా ఉద్దేశంలో అసలు తలనొప్పి ఇది కాదు, చివరికి ముందుండే అచ్చు. లాటిన్ క్రియలు నాలుగు గుంపులు: అమారె (ప్రేమించడం), మొనేరె (హెచ్చరించడం), రెగెరె (పాలించడం), ఔదీరె (వినడం). 'అతను'కి అమత్, మొనెత్, రెగిత్, ఔదిత్. 'వాళ్లు'కి అమంత్, మొనెంత్, రెగుంత్, ఔదిఉంత్. ఇప్పుడు చూడండి, మొనెత్ అంటే హెచ్చరిస్తున్నాడు, కానీ రెగెత్ అంటే పాలిస్తున్నాడు కాదు, ముందు ముందు పాలిస్తాడు, అంటే భవిష్యత్తు! రెండింటి చివరా వినిపించేది 'ఎత్' ఒక్కటే. క్రియ ఏ గుంపుదో తెలియనివాడికి చివర ఎంత బాగా వచ్చినా వాక్యం తలకిందులే.

ఈ అచ్చు విషయంలో కథల దారే గెలుస్తుంది. ఒకే పేజీలో అదే క్రియ ఏడెనిమిది సార్లు ఎదురైతే రెగిత్, రెగుంత్ చెవికి పట్టేస్తాయి, ఇంకో రకంగా ఉంటే తప్పని దానంతటదే అనిపిస్తుంది. నాలుగు పట్టికలు గోడకి అంటించి ఇరవై నాలుగు రూపాలు కంఠస్థం చేసినా ఆ చెవి రాదు. కానీ కథల దారిలో కూడా ఒక లోటుంది, ఆ పక్షంవాళ్లు దాని గురించి పెద్దగా మాట్లాడరు: కథల్లో ఎక్కువ భాగం అతనూ ఆమే వాళ్లూ, అంటే -త్, -ంత్‌లే. నువ్వు, మీరు సంభాషణల్లో తప్ప రావు. పాఠాలు పాఠాలు చదివేసినవాళ్లు కూడా -తిస్ దగ్గర తడబడేది అందుకే.

ఇక సంస్కృతం. అస్మి, అసి, అస్తి, స్మః, స్థ, సంతి గుర్తున్నాయా? లాటిన్‌లో సుమ్, ఎస్, ఎస్త్, సుముస్, ఎస్తిస్, సుంత్. భరంతికి ఫెరుంత్, అర్థం కూడా అదే, మోస్తున్నారు. ఇది కాకతాళీయం కాదు, నిజమైన చుట్టరికం, 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ప్రసంగం తర్వాత దీని మీద పెద్ద శాస్త్రమే పెరిగింది. (మన 'వస్తున్నాము'లో ముకీ లాటిన్ ముస్‌కీ మాత్రం చుట్టరికం లేదు, తెలుగు ద్రావిడ భాష, గుర్తుపెట్టుకోవడానికి వాడుకోండి అంతే.) చివర్ల వరకు దీన్ని మించిన దారి లేదు, అచ్చుల సంగతిలో పెద్దగా సాయపడదు. పరీక్ష అవగానే అంతా మర్చిపోయినవాళ్లకైతే ఈ దారి లేనట్టే.

డ్యూలింగోలో లాటిన్ ఉంది కానీ చిన్న కోర్సు, పైగా ఇంగ్లిష్ మీదుగా నడుస్తుంది. ఇంగ్లిష్‌లో చివర స్ అంటే అతనో ఆమో, లాటిన్‌లో స్ అంటే నువ్వు. టైంపాస్‌కి ఓకే.

నన్నడిగితే చివర్లకి పట్టిక, అదీ ఒకే ఒక్క పట్టిక, సంస్కృతం వస్తే పక్కన అస్తి వరస రాసుకుని. తర్వాత వెంటనే కథల్లోకి దిగిపోవాలి, మిగతా మూడు పట్టికలు సందేహం వచ్చినప్పుడు తెరిచి చూసుకోవడానికే. నోట్సు తెలుగు లిపిలో రాసుకోండి, ఇది సరదాకి చెప్పడం లేదు: గుర్తులు పెట్టకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే మొనేరె, రెగెరె ఒకే గుంపులా కనిపిస్తాయి, మనకి ఎ వేరు, ఏ వేరు కాబట్టి తేడా కళ్లకి కడుతుంది. అర్థం రాసేటప్పుడు మాత్రం 'వస్తాడు' అని కాకుండా 'వస్తున్నాడు' అని రాయండి, మన 'వస్తాడు' రేపటికి కూడా పనికొస్తుంది, లాటిన్‌లో రేపటికి వేరే రూపం ఉంది.

-తిస్ కోసం చదివిన వాక్యాన్నే తిప్పుతూ ఉండాలి. పుఎర్ కుర్రిత్, అబ్బాయి పరుగెత్తుతున్నాడు, అని కనిపిస్తే నువ్వైతే కుర్రిస్, మీరైతే కుర్రితిస్, అబ్బాయిలైతే పుఎరీ కుర్రుంత్. ఒక్క జాగ్రత్త, కపెరె (పట్టుకోవడం) లాంటివి చూడ్డానికి రెగెరె గుంపులాగే ఉంటాయి, అతను కపిత్ దాకా ఇబ్బందే లేదు, వాళ్లు దగ్గరికొచ్చేసరికి కపుంత్ కాదు, కపిఉంత్. నిఘంటువులో మొదట ఇచ్చేది 'నేను' రూపమే, కపిఓ అని, కాబట్టి ఇలాంటి క్రియలకి దాన్ని కూడా కలిపి రాసుకోండి.